పవర్ బ్యాంకు చెక్‌ఇన్‌లో వద్దు, చేతిలో సరే అంటారు. ఎందుకు?

కృష్ణలంక_కుర్రాడు | ఆదివారం, ఉదయం 8:40

అందరికీ నమస్తే. విమానాల్లో పనిచేసేవాళ్లూ విదేశాల్లో ఉన్నవాళ్లూ ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

అమ్మా నాన్నా వచ్చే నెల శంషాబాద్ నుంచి డాలస్ వెళ్తున్నారు, అక్క పురిటికి. ఇద్దరికీ అంత దూర ప్రయాణం ఇదే మొదటిసారి. పోయిన వారం ఒక పెళ్లికని గన్నవరం నుంచి ఢిల్లీ వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర నాన్న సూట్‌కేసు తెరిపించారు. బట్టల అడుగున ఉన్న పవర్ బ్యాంకు తీయించి, ఇది కింద వేయకూడదు, మీ దగ్గరే పెట్టుకోండి అన్నారట.

అప్పటి నుంచి నాన్నది ఒకటే ప్రశ్న. "అది పేలే వస్తువే అయితే మనుషుల మధ్య పెట్టుకోమంటారేంట్రా? కింద సామాన్లలో ఉంటే పేలినా సామానే కదా పోయేది?" నిజం చెప్పాలంటే నాకు జవాబు తట్టలేదు. పక్కనే అమ్మకు టెన్షన్ మొదలైంది. కర్నూలు బస్సులో సెల్‌ఫోన్లు పేలాయని టీవీలో చూసినప్పటి నుంచి ఆమెకు ఆ భయం ఉంది.

రూల్ ఏంటో నాకు తెలుసు. ఎందుకలా పెట్టారో తెలిస్తేనే నాన్న వింటారు. కాస్త వివరంగా చెప్పండి.

హ్యాంగర్_మనిషి | ఆదివారం, ఉదయం 9:25

తమ్ముడూ, మీ నాన్నగారు అడిగింది చాలా సరైన ప్రశ్న. నేను విమానాల మెయింటెనెన్స్‌లో 19 ఏళ్లుగా ఉన్నాను. మాది తెనాలి, ఇప్పుడు గల్ఫ్‌లో పని.

జవాబు ఒక్క మాటలో: పైన ఉంటే మనిషికి కనిపిస్తుంది, చెయ్యి అందుతుంది. కింద ఉంటే ఆ రెండూ కుదరవు.

కింద కార్గోలో మంటలార్పే ఏర్పాటు లేదని కాదు. పొగ పసిగట్టే పరికరాలుంటాయి. పొగ వస్తే కాక్‌పిట్‌లో హెచ్చరిక వెలుగుతుంది, పైలట్ స్విచ్ నొక్కితే హేలాన్ అనే వాయువు వదులుతుంది. బట్టలు, అట్టపెట్టెలు తగలబడితే హేలాన్ బాగా పనిచేస్తుంది. చిక్కంతా లిథియం బ్యాటరీతోనే. హేలాన్ మంటను ఆపుతుంది కానీ వస్తువును చల్లబరచదు. బ్యాటరీ లోపల సెల్స్ అనే చిన్న భాగాలుంటాయి. వాటిలో ఒక సెల్ వేడెక్కి అదుపు తప్పిందంటే ఆ వేడి పక్క సెల్‌కు పాకుతుంది, అక్కడి నుంచి దాని పక్కదానికి. పైకి మంట కనబడకపోయినా లోపల ఆ పని సాగుతూనే ఉంటుంది. దీన్నే మేం థర్మల్ రన్‌అవే అంటాం.

దాన్ని ఆపాలంటే చల్లబరచాలి, అంటే నీళ్లు పొయ్యాలి. 35 వేల అడుగుల ఎత్తులో కార్గోలోకి దిగి ఎవరు పోస్తారు? సీటు దగ్గరైతే ఎయిర్‌హోస్టెస్ నాలుగు అడుగుల్లో వచ్చేస్తుంది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్లు 2017లో ఒక పరీక్ష ఫలితం బయటపెట్టారు. సూట్‌కేసులో ల్యాప్‌టాప్ పెట్టి, దాని బ్యాటరీకి ఆనించి తలకు కొట్టుకునే డ్రై షాంపూ స్ప్రే డబ్బా ఒకటి పెట్టారు. బ్యాటరీని కావాలని వేడెక్కించారు. 40 సెకన్లలోపే ఆ డబ్బా పేలిపోయింది. అంత వేగంగా జరిగితే ఇక హేలాన్ పనిచేసే సమయం ఎక్కడుంటుంది? మన సూట్‌కేసుల్లో సెంటు స్ప్రేలు ఎన్ని ఉంటాయో ఒక్కసారి తలచుకోండి.

పెన్నా_తీరం | ఆదివారం, ఉదయం 9:41

నీళ్లా? లిథియం మీద నీళ్లు పోస్తే ఇంకా మండదా అన్నా? టెన్త్‌లో సోడియం ముక్క నీళ్లలో వేసి చూపించారు, ఇప్పటికీ గుర్తుంది.

రసాయనం_మాస్టారు | ఆదివారం, ఉదయం 10:30

ఈ అనుమానం అందరికీ వస్తుంది కాబట్టి నేను చెబుతాను. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను.

ఫోన్‌లో, పవర్ బ్యాంకులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. బడిలో చూపించిన సోడియం ముక్కలాగా ఇందులో లిథియం లోహం ముక్కగా ఉండదు. గ్రాఫైట్ పొరల మధ్య, ఆక్సైడ్ పొరల మధ్య అయాన్లుగా అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఛార్జింగ్ పెడితే ఒక వైపు, వాడుతుంటే ఇంకో వైపు. ఈ రెండు వైపులనూ విడదీస్తూ మధ్యలో పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, మన వెంట్రుక కంటే సన్నం. ఇక ఆ ఖాళీలన్నీ నిండి ఉండేది మండే ద్రవం. పెట్రోలు మండినట్టే మండుతుంది.

ఆ పొర దెబ్బతింటే రెండు వైపులూ కలుస్తాయి, లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఫోన్ కిందపడి నలగొచ్చు, తయారీలో సన్నటి లోహపు రవ్వ ఇరుక్కుని ఉండొచ్చు, ఎక్కువ ఛార్జింగ్ ఎక్కి ఉండొచ్చు. దాదాపు 130 డిగ్రీల దగ్గర ఆ పొర మెత్తబడి కరగడం మొదలవుతుంది. ఇంకా వేడి పెరిగితే కోబాల్ట్ ఆక్సైడ్ రకం బ్యాటరీలో ఆక్సిజన్ కూడా లోపలి నుంచే విడుదలవుతుంది. ఇది గమనించండి. మామూలు మంట మీద గోనెపట్టా కప్పితే గాలి అందక ఆరిపోతుంది. ఇది తన గాలిని తనే తయారు చేసుకుంటుంది. అందుకే కప్పి ఆర్పడం కుదరదు, చల్లబరచాల్సిందే. మామూలు నీళ్లు, లేకపోతే కూల్‌డ్రింక్, టీ కూడా పనికొస్తాయి. ఆల్కహాల్ మాత్రం వద్దు.

ఐరన్ ఫాస్ఫేట్ రకం ఇంతకంటే నిలకడగా ఉంటుంది, అంత తేలిగ్గా ఆక్సిజన్ వదలదు. కానీ అదే బరువులో కరెంటు తక్కువ నిల్వ ఉంటుంది. అందుకే సన్నటి ఫోన్లలో కోబాల్ట్ రకాలే ఎక్కువ.

మేఘాల_మీద_పదేళ్లు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

మాస్టారు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను పదేళ్లు క్యాబిన్ క్రూగా చేసి, పాప పుట్టాక మానేశాను. ఒక ముఖ్యమైన విషయం చెప్తాను: మంట ఆరాక ఐస్ ముక్కలు వేయకూడదు. చల్లగానే ఉంటుంది కదా అని అందరూ అనుకుంటారు. ఐస్ పైన కప్పేసినట్టయి లోపలి వేడి బయటికి పోదు. నీళ్లే పోస్తూ ఉండాలి. ట్రైనింగ్‌లో మాకు ఇది పదేపదే చెప్పేవాళ్లు.

నా సర్వీసులో ఒక్కసారే ఎదురైంది. రాత్రి ఫ్లైట్, అందరూ నిద్రలో ఉన్నారు. ఒక పెద్దాయన ఫోన్ సీటు సందులోకి జారిపోయింది. ఎవరినీ లేపడం ఎందుకని సీటును ముందుకీ వెనక్కీ జరిపి వెతుక్కున్నారు. సీటు కింద ఇనుప భాగాల మధ్య ఫోన్ నలిగింది. ముందు వాసన వచ్చింది. తియ్యగా, నెయిల్ పాలిష్ రిమూవర్‌లాగా. ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. తర్వాత సీటు అడుగు నుంచి తెల్లటి పొగ. మా సీనియర్ అక్క మంటలార్పే సిలిండర్ తెచ్చి కొట్టింది, నేను గ్యాలీ (విమానంలో వంటగది) నుంచి వాటర్ బాటిళ్లు తెచ్చి ఒకదాని వెనక ఒకటి పోశాను. ఆరు బాటిళ్లు. మధ్యలో పొగ ఆగి, మళ్లీ బుస్సుమని వచ్చింది. రెండో సెల్ అంటుకుంది కాబోలు. మళ్లీ పోశాం. మొత్తం పది నిమిషాలు పట్టిందేమో, నాకు గంటలా అనిపించింది. దిగేదాకా ఆ సీటు పక్కనే నిలబడ్డాను.

ఆ పెద్దాయన చేతులు వణుకుతున్నాయి. ఆయన తప్పు లేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి తమ్ముడూ, నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పు: ఫోన్ సీటు సందులో పడితే సీటు కదపకూడదు. బటన్ నొక్కి క్రూను పిలవాలి. వాళ్లు విసుక్కోరు, పిలిచినందుకు సంతోషిస్తారు.

ఇదే ఫోన్ కింద సూట్‌కేసులో నలిగి ఉంటే ఆ వాసన ఎవరికి తెలిసేది?

కృష్ణలంక_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 12:50

అక్కా, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్ల అక్కడ ఉండబట్టి సరిపోయింది" అన్నారు.

కొండారెడ్డి_బురుజు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

కర్నూలు నుంచి రాస్తున్నాను. అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర జరిగింది మా ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. మంట మొదలైంది ఫోన్ల వల్ల కాదు, బైకు బస్సు కింద ఇరుక్కోవడం వల్ల. కానీ లగేజీ అరలో 234 స్మార్ట్‌ఫోన్ల పార్శిల్ ఉందని, ఆ బ్యాటరీలు పేలడంతో మంట పెరిగిందని ఫోరెన్సిక్ వాళ్లు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. 19 మంది ప్రయాణికులు పోయారు. వాళ్ల కాళ్ల కింద అంత సరుకు ఉందని వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

నా ప్రశ్న ఇది. విమానంలో నా సూట్‌కేసు పక్కన ఏ కంపెనీ పార్శిలో, అందులో వేల బ్యాటరీలో ఉంటే నాకెలా తెలుస్తుంది?

హ్యాంగర్_మనిషి | ఆదివారం, మధ్యాహ్నం 3:30

అన్నా, మీరు అడిగింది చదివి కాసేపు ఆగి రాస్తున్నాను.

ప్రయాణికుల విమానంలో అలా వేయడం నిషేధం. విడి లిథియం అయాన్ బ్యాటరీలను కార్గోగా ప్రయాణికుల విమానాల్లో తీసుకెళ్లకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, 2016 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. లిథియం లోహపు బ్యాటరీలకు అంతకుముందే, 2015 జనవరి నుంచి నిషేధం ఉంది. కార్గో విమానాల్లో వేసినా 30 శాతానికి మించి ఛార్జింగ్ ఉండకూడదు. ఛార్జింగ్ తక్కువ ఉంటే అదుపు తప్పినప్పుడు వచ్చే వేడీ తక్కువే. పరికరంతో కలిపి ప్యాక్ చేసినవాటికి వేరే షరతులున్నాయి. ఫోన్ల పార్శిళ్లు ఆ లెక్కలోకి వస్తాయి, వాటికి పరిమితి, ప్యాకింగ్, లేబుల్ అన్నీ ఉండాలి. ప్రమాదం ఎక్కడంటే, లేబుల్ లేకుండా, ఉన్నది చెప్పకుండా బుక్ చేసే పార్శిళ్లలో. నాకు నిజంగా భయం వేసేది వాటి గురించే.

ఈ నిషేధం ఊరికే రాలేదు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి జర్మనీలోని కొలోన్‌కు యూపీఎస్ సంస్థ 747 కార్గో విమానం బయల్దేరింది. సరుకులో 81 వేలకు పైగా లిథియం బ్యాటరీలు. లేచిన 22 నిమిషాలకు మంటల హెచ్చరిక వచ్చింది. వెనక్కి తిప్పారు. కాసేపట్లోనే కాక్‌పిట్ పొగతో నిండిపోయి ఎదురుగా ఉన్న మీటర్లు కూడా కనబడలేదు. కెప్టెన్‌కు ఆక్సిజన్ అందక సీటు వదిలి వెళ్లాల్సి వచ్చింది. కో-పైలట్ ఒక్కడే, ఏమీ కనబడని స్థితిలో, వేరే విమానాల వాళ్లు రేడియోలో చెప్పే మాటల ఆధారంగా దుబాయ్ దాకా తెచ్చాడు. దింపలేకపోయాడు. ఇద్దరూ చనిపోయారు.

ఆ మరుసటి ఏడాది, 2011 జూలై 28న, కొరియాలో జెజు ద్వీపం దగ్గర ఏసియానా కార్గో 747 ఒకటి మంటలతో సముద్రంలో పడింది. అందులోనూ లిథియం బ్యాటరీలున్నాయి, కానీ మంట వాటితోనే మొదలైందని తేలలేదు. ఆ విమానంలోనూ ఇద్దరు పైలట్లే, ఇద్దరూ పోయారు.

వాళ్ల పేర్లు మన ప్రయాణికుల్లో ఎవరికీ తెలియవు. కానీ ఈరోజు మనం ఎక్కే విమానం కింద ఆ సరుకు లేదంటే ఆ నలుగురి వల్లే.

గోదారి_గట్టు | ఆదివారం, సాయంత్రం 5:10

అంతా బాగుంది. మరి విమానంలోనే పెద్ద లిథియం బ్యాటరీ బిగించి ఉంది కదా? బోయింగ్ 787లో. దాని గురించి ఎవరూ మాట్లాడరేం? ప్రయాణికుడి చిన్న పవర్ బ్యాంకు మీద ఇన్ని ఆంక్షలు, కంపెనీ పెట్టిన 28 కిలోల బ్యాటరీ మీద ఏవి?

చార్లెస్_నది_ఒడ్డు | ఆదివారం, సాయంత్రం 6:48

ఇది నేను చెప్పాలి. 2013 జనవరిలో నేను బోస్టన్‌లోనే ఉన్నాను, ఇప్పుడూ ఇక్కడే. ఎలక్ట్రానిక్స్‌లో క్వాలిటీ పని.

జనవరి 7 ఉదయం టోక్యో నరిటా నుంచి జపాన్ ఎయిర్‌లైన్స్ 787 బోస్టన్ లోగన్‌లో దిగింది. ప్రయాణికులు దిగిపోయారు, క్లీనింగ్ వాళ్లు లోపలున్నారు. క్యాబిన్‌లో పొగ కనిపించింది. వెనక భాగంలో, ఏపీయూ అనే చిన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీ మండుతోంది. అదుపులోకి తేవడానికి ఫైర్ వాళ్లకు గంటన్నరకు పైగా పట్టింది. అదే గాలిలో జరిగి ఉంటే అన్న ఆలోచన ఆ రోజు ఇక్కడ అందరికీ వచ్చింది.

తొమ్మిది రోజులకు, జనవరి 16న, ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ వాళ్ల 787 జపాన్‌లో యమగుచి ఉబే నుంచి టోక్యో హనెడాకు వెళ్తుంటే ముందు భాగంలోని మెయిన్ బ్యాటరీ పాడై, కాక్‌పిట్‌లో వాసన వచ్చి టకమట్సులో దింపేశారు. ప్రయాణికులు స్లైడ్‌ల మీద జారి బయటపడ్డారు. అదే రోజు ఎఫ్‌ఏఏ 787లను నేల మీదే ఆపేసింది. ఒక రకం విమానాన్ని మొత్తంగా ఆపడం 1979లో డీసీ-10 విమానాలను ఆపిన తర్వాత అదే మొదటిసారి. ప్రపంచమంతా కలిపి అప్పటికి తిరుగుతున్నవి 50. మన ఎయిర్ ఇండియావి ఆరు, అవీ ఆగాయి.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది మంట కాదు, లెక్క. బ్యాటరీ సెల్ పొగ కక్కే ఘటన కోటి ఫ్లయింగ్ అవర్లలో ఒకసారి కంటే తక్కువగా జరుగుతుందని బోయింగ్ అంచనా వేసింది. మొత్తం 787లు కలిపి 52 వేల గంటలు కూడా తిరగకముందే రెండుసార్లు జరిగింది. ఆ అంచనాకు ఆధారాల్లో ఒకటి మేకు పరీక్ష: సెల్‌లోకి మేకు దించి చూశారు, పొగ వచ్చింది, మంట రాలేదు, పక్క సెల్స్‌కు పాకలేదు. సరే అనుకున్నారు. లోపల షార్ట్ అయితే మంట వచ్చి బ్యాటరీలోని ఎనిమిది సెల్స్‌కూ పాకే పరిస్థితిని లెక్కలోకి తీసుకోలేదు. 2014 డిసెంబర్‌లో అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ నివేదిక ఇదే తప్పు పట్టింది. బోయింగ్‌నూ తప్పు పట్టింది, దాన్ని పసిగట్టని ఎఫ్‌ఏఏనూ తప్పు పట్టింది.

తర్వాత ఏం చేశారు? సెల్స్ మధ్య ఇన్సులేషన్ పెంచారు, ఛార్జింగ్ హద్దులు బిగించారు, బ్యాటరీని స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టెలో పెట్టి, పొగ నేరుగా విమానం బయటికి పోయేలా గొట్టం పెట్టారు. ఏప్రిల్‌లో మళ్లీ ఎగరడం మొదలైంది.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను: ఇది మందు కాదు, కట్టు. ఆ సెల్ లోపల షార్ట్ అసలు ఎందుకు అయిందో ఇదీ కారణం అని వేలు పెట్టి ఎవరూ చూపించలేకపోయారు. కారణం తెలియకుండా పెట్టె బిగించి పంపడం నా క్వాలిటీ మనసుకు ఇప్పటికీ ఒప్పదు.

హ్యాంగర్_మనిషి | ఆదివారం, రాత్రి 8:20

చార్లెస్ నది గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. నేను 787 బ్యాటరీ పెట్టె చేతులారా విప్పి బిగించినవాణ్ని.

ముందు ఆ బ్యాటరీ ఎందుకుందో చెప్పాలి. మామూలు జెట్ విమానాల్లో క్యాబిన్‌లోకి గాలి ఇంజిన్ నుంచి తీస్తారు. 787లో ఆ పని కరెంటు కంప్రెసర్లు చేస్తాయి. బ్రేకులూ కరెంటువే. కరెంటు మీద అంతగా ఆధారపడ్డ విమానానికి, తక్కువ బరువులో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇచ్చి, త్వరగా మళ్లీ ఛార్జ్ అయ్యే బ్యాటరీ కావాలనుకున్నారు. అందుకే పాత నికెల్ కాడ్మియం వదిలి జపాన్ కంపెనీ జీఎస్ యుయాసా తయారు చేసిన లిథియం అయాన్ తీసుకున్నారు. స్టీలు పెట్టె వచ్చాక ఆ బరువు లాభం చాలావరకు పోయింది, అది వేరే మాట.

ఇక కట్టు అన్నారు. 2013కు ముందు ఆలోచన "ఇది జరగదు" అని. తర్వాతి ఆలోచన "ఇది జరుగుతుంది, జరిగినప్పుడు ఎక్కడ ఆగాలి" అని. నాకు రెండోదే నిజమైన ఇంజనీరింగ్. 2014 జనవరి 14న నరిటాలో ఆగి ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్ 787లో మళ్లీ ఒక సెల్ పాడైంది. కాక్‌పిట్ కిటికీలోంచి బయట తెల్లటి పొగ కనిపించింది. అంటే గొట్టం తన పని తను చేసింది. ఎనిమిదింటిలో పాడైంది ఒక్కటే, మంట లేదు. బోస్టన్‌లో గంటన్నర పోరాటం ఎక్కడ, ఇదెక్కడ?

మంట పుట్టదని హామీ ఇచ్చేవాడి కంటే పుట్టినా ఈ పెట్టె దాటదని చూపించేవాణ్ని నేను నమ్ముతాను.

చార్లెస్_నది_ఒడ్డు | ఆదివారం, రాత్రి 9:02

మీరు చేతులతో పనిచేసినవారు, మీ మాటకు విలువిస్తాను. నరిటా సంగతి ఒప్పుకుంటున్నాను, పెట్టె పనిచేసింది. కానీ అదే సమయంలో ఎయిర్‌బస్ ఏం చేసిందో కూడా చూడండి. తమ ఏ350 విమానానికి లిథియం అయాన్ అనుకున్నవాళ్లు 2013 ఫిబ్రవరిలో వెనక్కి తగ్గి నికెల్ కాడ్మియంకు మారారు. తర్వాత తీరిగ్గా పరీక్షలు చేసుకుని మళ్లీ లిథియంకు వచ్చారు. ఆ ఓపిక నాకు నచ్చింది. పెట్టె ఉండాలి, కారణం వెతకడమూ ఆగకూడదు. నేను అడిగేది అంతే.

హ్యాంగర్_మనిషి | ఆదివారం, రాత్రి 9:10

ఆ మాటకు నా పూర్తి మద్దతు.

చిన్న_సందేహం | ఆదివారం, రాత్రి 9:37

అహ్మదాబాద్‌లో కూలింది కూడా 787 కదా, అదీ బ్యాటరీ వల్లేనని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 9:50

2025 జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదికలో విమానం లేచిన వెంటనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు ఆపే స్థితికి మారినట్టు ఉంది. బ్యాటరీ మంట అని అందులో లేదు. అంతమంది ప్రాణాలు పోయిన ఘటన మీద వాట్సాప్ మాటలు ఇక్కడ పంచవద్దని అందరికీ మనవి. చర్చ అసలు విషయం మీదే సాగనివ్వండి.

సియోల్_చలి | సోమవారం, ఉదయం 6:55

కొరియాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. "చేతిలో ఉంటే చాలు" అనే మాటకు ఒక సవరణ. హ్యాండ్ బ్యాగులో పెట్టి పైన అరలో పెడితే అది చేతిలో ఉన్నట్టు కాదు.

2025 జనవరి 28 రాత్రి, ఇక్కడి చాంద్రమాన సంవత్సరాది సెలవుల్లో, బుసాన్ గిమ్హే ఎయిర్‌పోర్టులో ఎయిర్ బుసాన్ ఏ321 విమానం హాంకాంగ్‌కు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. లోపల 176 మంది. పైన లగేజీ అరలోంచి మంట. అందరూ స్లైడ్‌ల మీద దిగి బయటపడ్డారు, విమానం పైకప్పు పొడవునా కాలిపోయింది. పవర్ బ్యాంకు లోపల ఇన్సులేషన్ దెబ్బతినడం వల్ల అయి ఉండొచ్చని మార్చిలో దర్యాప్తు వాళ్లు చెప్పారు. మూత వేసిన అరలో మొదలైంది కాబట్టి కనిపించేసరికే పెద్దదైపోయింది. ఇంకాసేపు అయ్యుంటే అది గాల్లో ఉండేది.

ఆ ఏడాది మార్చి 1 నుంచి కొరియా విమానాల్లో పవర్ బ్యాంకు పైన అరలో పెట్టనివ్వరు. జేబులోనో, ముందు సీటు సంచిలోనో పెట్టుకోవాలి. కరెంటు వచ్చే భాగానికి టేపు వేయాలి, లేదా విడి కవర్లో పెట్టాలి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్ని ఆపింది. ఎమిరేట్స్ అక్టోబర్ 1 నుంచి ఒక్కటే అనుమతిస్తోంది, అదీ వాడకూడదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా తర్వాత ఇదే దారిలో పైన అరలో పెట్టొద్దని, విమానంలో దాంతో ఛార్జింగ్ వద్దని చెప్పింది.

మేఘాల_మీద_పదేళ్లు | సోమవారం, ఉదయం 9:30

సియోల్ చెల్లెమ్మా, చాలా మంచి మాట చెప్పావు. దీనికి ఒకటి కలుపుతాను. చాలామంది ఇక్కడే పొరబడతారు.

విమానం నిండితే గేట్ దగ్గర, ఒక్కోసారి విమానం తలుపు దగ్గర, "పైన చోటు లేదు, మీ బ్యాగు కింద వేస్తాం" అని హ్యాండ్ బ్యాగు తీసుకుంటారు. ఆ హడావిడిలో లోపల పవర్ బ్యాంకు ఉందని ఎవరికీ గుర్తుండదు. చేతిలో ఉండాల్సింది అలా కార్గోలోకి వెళ్లిపోతుంది. కాబట్టి పవర్ బ్యాంకును బ్యాగు అడుగున సర్దకండి. పైన జిప్పులోనో, చిన్న పర్సులోనో పెట్టుకోండి. బ్యాగు అడగ్గానే తీసి జేబులో వేసుకోవచ్చు.

వాల్తేరు_అలలు | సోమవారం, ఉదయం 11:12

మా అమ్మకు కరెంటు వీల్‌చైర్ ఉంది. చెన్నై ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రైల్లో అన్ని గంటలు ఆమె కూర్చోలేదు. చైర్ మీద 24 వోల్టులు, 10 ఏహెచ్ (ఆంపియర్ అవర్) అని ఉంది. బ్యాటరీ ఊడి వస్తుంది. తీసుకెళ్లనిస్తారా? కాళ్లు కదలని మనిషిని ఎయిర్‌పోర్టులో ఆపేస్తారేమోనని రెండు రోజులుగా నాకు నిద్ర లేదు.

హ్యాంగర్_మనిషి | సోమవారం, ఉదయం 11:40

అమ్మా, కంగారు పడకండి, తీసుకెళ్లవచ్చు. వోల్టులనూ ఏహెచ్‌నూ గుణించండి: 24 పదులు 240 వాట్ అవర్, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే కొలత. వీల్‌చైర్ నుంచి ఊడదీసే బ్యాటరీకి పరిమితి 300. మీది లోపలే ఉంది. బ్యాటరీ తీసి, కొసలకు టేపు వేసి, విడి సంచిలో పెట్టి క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి. చైర్ కింద వెళ్తుంది. కానీ ముందే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి చెప్పి, వాళ్ల ఒప్పుకోలు ఈమెయిల్‌లో తీసుకోండి. దాని ప్రింటు, బ్యాటరీ మీద అంకెలున్న చోటు ఫోటో దగ్గర పెట్టుకోండి. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లందరికీ ఈ రూల్ గుర్తుండదు. కాగితం ఉంటే మీరు వాదించాల్సిన పని ఉండదు.

వాల్తేరు_అలలు | సోమవారం, ఉదయం 11:52

అన్నయ్యా, చాలా థ్యాంక్స్. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.

పెన్నా_తీరం | సోమవారం, మధ్యాహ్నం 1:20

మరి నా పవర్ బ్యాంకు మీద 20,000 ఎంఏహెచ్ అని మాత్రమే ఉంది. వాట్ అవర్ లేదు. ఎలా లెక్క కట్టాలి?

రసాయనం_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1:45

లోపలి సెల్ వోల్టేజీ 3.7. 20,000ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్. 100 దాకా ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంటే దాదాపు 27,000 ఎంఏహెచ్ వరకు. 100 దాటి 160 లోపు అయితే ఎయిర్‌లైన్ అనుమతితో రెండే. 160 దాటితే ప్రయాణికుడు తీసుకెళ్లే వీలే లేదు. కొన్ని ఎయిర్‌లైన్లు ఇంతకంటే కఠినంగా ఉంటాయి కాబట్టి టికెట్ తీసుకున్న చోట ఒకసారి చూసుకోండి.

అంకెలు చెరిగిపోయినా, అసలు లేకపోయినా సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు. రోడ్డు పక్కన 300 రూపాయలకు దొరికే 50,000 ఎంఏహెచ్ పెట్టె మీద అంకె నిజమైతే అది ఎక్కనివ్వరు, అబద్ధమైతే లోపల ఏముందో దేవుడికే తెలియాలి. ఉబ్బినది, కిందపడి సొట్ట పడినది, ఛార్జింగ్‌లో చెయ్యి కాలేంత వేడెక్కేది విమానంలోనే కాదు, ఇంట్లో కూడా ఉంచుకోవద్దు. పడక గదిలో దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేసే పిల్లలకు క్లాసులో ఇదే చెప్తుంటాను.

కృష్ణలంక_కుర్రాడు | సోమవారం, రాత్రి 8:15

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈరోజు అన్నీ ప్రింటు తీసి నాన్నకు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. కర్నూలు పోస్టు దగ్గర ఆగి అమ్మకు కూడా చదివి వినిపించారు.

అమ్మ ఒకటే అడిగింది, ఆమె బీపీ మెషీన్ సంగతి. అందులో ఉన్నవి మామూలు పెన్సిల్ బ్యాటరీలు.

రసాయనం_మాస్టారు | సోమవారం, రాత్రి 8:31

అవి ఆల్కలైన్ రకం, ఇబ్బంది లేదు. మందులతో పాటు హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోమనండి. దారిలో బీపీ చూసుకోవడానికీ వీలుగా ఉంటుంది.

వాల్తేరు_అలలు | శుక్రవారం, సాయంత్రం 4:40

అమ్మతో చెన్నై చేరాం. కౌంటర్‌లో అమ్మాయికి రూల్ తెలియక సూపర్‌వైజర్‌ను పిలిచింది. ఈమెయిల్ ప్రింటు చూపిస్తే రెండు నిమిషాల్లో అయిపోయింది. బ్యాటరీ సంచి అమ్మ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

కృష్ణలంక_కుర్రాడు | మరుసటి నెల, బుధవారం, ఉదయం 7:05

అమ్మా నాన్నా డాలస్ చేరారు. అక్కకు ఇంకా పది రోజులు టైముంది.

దారిలో జరిగింది నాన్న ఫోన్‌లో చెప్పారు. శంషాబాద్‌లో గేట్ దగ్గర పైన చోటు లేదని అమ్మ బ్యాగు కింద వేస్తామన్నారట. నాన్న "ఒక్క నిమిషం బాబూ" అని అక్కడే జిప్పు తీసి పవర్ బ్యాంకు చొక్కా జేబులో పెట్టుకున్నారు. వెనక లైన్లో ఉన్న కుర్రాడి బ్యాగు కూడా తీసుకుంటుంటే, "నీ దాంట్లో కూడా ఉందేమో చూసుకో నాయనా" అన్నారట. ఆ అబ్బాయి బ్యాగులో రెండు ఉన్నాయి.